ఫింజాను

మస్కట్‌లో ఆరోగ్యశాఖ మూడో అంతస్తులో
ఇరవై ఆరేండ్లు గహ్వా పోసినాను నేను,
దూదేకుల దస్తగిరిని. రాయచోటి పక్కన పల్లె.
పేరుకు ఫరాషు, పనికి ఫైళ్ళు మోసే కాళ్ళు.
అరబ్బీ అక్షరాలు చిన్నప్పుడు మసీదులో నేర్చినవే,
చదవను వస్తాది, అర్థం రాదు.
అర్థం ఆయమ్మ నేర్పింది,
డాక్టర్ షంసా బింత్ హమూద్,
ప్రజారోగ్య ప్రణాళికల డైరెక్టరు.

ఈడొక మర్యాద ఉంది.
చాలనుకున్నోళ్ళు ఖాళీ ఫింజాను అటూ ఇటూ ఊపాల.
ఊపేదాకా పోసేవాడు ఆపకూడదు.
ఆయమ్మ మూడో కప్పుకు ఊపేది.
ఏ రోజూ నాలుగు తాగి ఎరగదు.

వయసులో ఉన్నప్పుడు కొండ ఊళ్ళకు
మంచుపెట్టెలో టీకాలు పెట్టుకొని
గాడిద వెంట నడిచిందంట.
ఒక ముసలామె తలుపు తీయకుంటే
గడపకాడనే రెండు రాత్రులు పండుకుందంట.
ఈ కత ఆయమ్మ చెప్పలేదు.
లిఫ్టు చెడిపోయిన రోజు ఆయమ్మ మోకాళ్ళు చెప్పినాయి,
మిగతాది నేను అడిగి రాబట్టినాను.

తర్వాత అంతా కాగితమే.
ఉప్పులో అయోడిను, బడిపిల్లల కండ్లు, చక్కెర జబ్బు లెక్కలు.
నలుగురు మంత్రులు మారినారు, కుర్చీల తోలు మారింది,
ఆయమ్మ పెన్నులో పచ్చ సిరా మారలేదు.

ఆ యేడు జులైలో, ఘలా క్యాంపులో
మా అక్క కొడుకు నబీరసూలు
రాత్రి పండుకున్నాడు, తెల్లారి లేవలేదు.
ఇరవై తొమ్మిదేండ్లు. షట్టరింగ్ పని.
"గుండె ఆగింది" అని రాసినారు.
ఆ కాగితం మూడో అంతస్తుకు మోసింది నేనే.
అప్పటికి నాకు అర్థం కూడా వస్తాది.

"నీవాడా?" అనింది ఆయమ్మ.
తలూపినాను.
"గుండె అందరిదీ ఆగుతాది దస్తగిరీ,
ఎందుకు ఆగిందో రాయను గడి లేదు."
పచ్చ సిరాతో కింద ఒక గీత గీసింది.

ఆ గీత గడి కావడానికి పదకొండేండ్లు పట్టింది.
కంపెనీలోళ్ళు వద్దనిరి, ఇన్సూరెన్సోళ్ళు వద్దనిరి,
"శవం బిరీన ఊరికి పోవాల గదా డాక్టరమ్మా"
అన్నాడు మన రాయబారి కచేరీ గుమాస్తా.

మా నాయన పరుపుల దూది ఏకేటోడు.
పొద్దుగూకేదాకా నారి టంగు టంగుమనేది.
"గింజ మిగిలితే పండుకున్నోని వీపు పట్టిస్తాది" అంటా
గింజ చేతికి తగిలేదాకా విల్లు దించేటోడు కాదు.
ఆయమ్మ లెక్కలను అట్లా ఏకింది.
ఏ నెల, ఏ పని, ఎండ ఎంత,
నీళ్ళ డ్రమ్ము ఎన్ని అడుగుల దూరం.

ఆఖరి కమిటీలో పన్నెండు మంది పెద్దోళ్ళు.
పదకొండు ఫింజాన్లు ఊగినాయి.
వాచీలు చూసుకున్నారు.
ఆయమ్మ ఊపలేదు.
నాలుగోది పోసినాను. అయిదు. ఆరు.
నా మణికట్టు వణికింది, ఆయమ్మది వణకలేదు.
తొమ్మిదో కప్పుకు దల్లా అడుగంటింది,
పరిగెత్తి ఇంకోటి తెచ్చినాను.
పెద్దామె తాగుతా ఉంటే లేచేది ఎట్లా?
మధ్యాహ్నం బాంగు వినపడే లోపల సంతకాలైనాయి.

అదీ పూర్తిగా ఇయ్యలేదు.
"తెలిసినంతవరకు" అనే తోక తగిలించి ఇచ్చినారు.
ఆ రాత్రి ఆయమ్మకు నిద్ర లేదంట,
గహ్వాకో, తోకకో.

పోయినేడు రిటైరయింది.
ఒక షీల్డు, ఒక అత్తరు సీసా.
మైకులో తండ్రి పేరు తప్పు చదివినారు.
బీరువా తాళాలు లెక్కబెట్టి నా చేతిలో పెట్టి
లిఫ్టు ఉండంగా మెట్లు దిగిపోయింది.

కొత్త సారు మిషను కాఫీ, కాగితం కప్పు.
గడి మాత్రం ఉంది.
కొన్ని ఆస్పత్రులు నిండుగా రాస్తాయి:
వడదెబ్బ, కిడ్నీలు, పద్నాలుగు గంటల పని.
కొన్ని అడ్డగీత గీసి వదిలేస్తాయి.
అడ్డగీతలవి ఏరి దొంతరలో పైన పెడతాను.
నాకెవరూ చెప్పలేదు.

"ఇవి మళ్ళా పైకి ఎట్లొచ్చినాయి?" అంటాడు సారు.
గహ్వా తెద్దునా సార్, అంటాను.